తీర్పు కావాలా, మాటలు కలవాలా: ఇంటి గొడవకు విశాఖలో ఎవరి గడప ఎక్కాలి

ఇంట్లో మాటలు ఆగిపోయినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలా అని ఆలోచించే ముందు, మీకు కావలసింది తీర్పా, మాటలు కలవడమా అన్నది తేల్చుకోవాలి. పెందుర్తి దగ్గర తాతగారి స్థలంలో అన్నదమ్ములకు ఎవరికెంత అన్నది తీర్పు అడిగే తగువు. వాటాలు తేలి, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయాక, ఆ అన్నదమ్ములే పండక్కి ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మానేశారంటే అది వేరే వ్యవహారం. మొదటిదానికి పెద్దమనుషులో లాయరో కావాలి. రెండోదానికి ఎంత గొప్ప తీర్పు చెప్పినా పని జరగదు. అక్కడ గెలుచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇంటివాళ్లందర్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించే ఫ్యామిలీ థెరపీ ఆ రెండో పని కోసం. దాన్ని మొదటి పనికి వాడబోయినవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. "అంత ఫీజు కట్టి కూర్చుంటే తప్పెవరిదో ఆ థెరపిస్టావిడ చెప్పనే లేదు" అని విసుక్కుంటూ బయటికొస్తారు. ఆవిడ చెప్పదు. చెప్పిందంటే ఇంట్లో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడి, రెండోసారి ఆ ఓడినవాళ్లు రారు.

పెద్దల్లో పెట్టడం

మేనమామో, పెదనాన్నో, పెళ్లి కుదిర్చిన పెద్దాయనో వచ్చి కూర్చోవడం మన దగ్గర మొదటి మెట్టు. దీన్ని నేను తీసిపారేయను. ఖర్చు లేదు. ఇంటి చరిత్ర వాళ్లకు మొదటినుంచీ చెప్పుకురానక్కర్లేదు. నలుగురి ముందు ఇచ్చిన మాట తప్పాలంటే మొహమాటం అడ్డొస్తుంది. పెళ్లిలో పెట్టిన బంగారం ఎవరి దగ్గరుండాలి, అమ్మానాన్నలు ఎవరింట్లో ఎన్ని నెలలుండాలి, చిట్టీ బాకీ ఎవరు కట్టాలి లాంటి లెక్కకొచ్చే సంగతుల్ని మంచి పెద్దమనిషి ఒక్క సాయంత్రంలో తెమిల్చేస్తాడు. అంత తొందరగా ఏ థెరపిస్టూ తెమల్చలేరు.

లెక్కకు రాని సంగతుల దగ్గరే చిక్కు. ఆ సభలో చిన్నకోడలు నోరు విప్పదు, ఇంటర్ చదివే పిల్లాడిని అసలు పిలవరు. చివర్లో "సర్దుకుపో అమ్మా" అన్న మాట ఎప్పుడూ ఒక మనిషి మీదే పడుతుంది. పోయినసారి సర్దుకుపొమ్మని ఎవరికి చెప్పారు, అంతకు ముందు ఎవరికి చెప్పారు అని గుర్తు చేసుకోండి. రెండుసార్లూ అదే పేరు వస్తే మూడోసారి అదే అరుగు ఎక్కకపోవడం మంచిది. పైగా, అక్కడ బయటపడిన సంగతి వచ్చే శుభకార్యంలో ఎవరి నోటనో వినాల్సి వస్తుంది.

పాస్టర్‌గారి దగ్గరికో, గురువుగారి దగ్గరికో వెళ్లేవాళ్లకూ ఇవే లాభాలు, ఇవే ఇబ్బందులు. ఇంటిల్లిపాదికీ ఆయన మీద సమానంగా గురి ఉంటే వెళ్లొచ్చు. ఒక్కరికే గురి ఉండి మిగతావాళ్లు లాక్కుపోబడుతుంటే వద్దు. జాతకాలు చూపించుకోవడం మీ ఇష్టం. కానీ ఏడాది పాటు గ్రహం మారేదాకా ఆగడమంటే ఆ ఏడాదీ పిల్లలు మౌనంగా అన్నం తినడమే.

పోలీస్ స్టేషన్, కోర్టు గుమ్మం

మహిళా పోలీస్ స్టేషన్‌లో జరిగేదాన్నీ, ఫ్యామిలీ కోర్టులో జరిగేదాన్నీ కూడా కౌన్సెలింగ్ అనే అంటారు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం, వీలున్నచోట ఇరుపక్షాలనూ రాజీకి తేవడానికి కోర్టు మొదట ప్రయత్నించాలి. అందుకోసమే అక్కడ కౌన్సెలర్లను పెట్టే ఏర్పాటు. కానీ వాళ్ల చేతిలో ఉన్నది ఒక కేసు. కలిసి ఉంటారా, విడిపోతారా, పిల్లలెవరి దగ్గర, భరణం ఎంత అన్నవే వాళ్ల ప్రశ్నలు. ఏడేళ్లుగా భర్త భోజనం దగ్గర తలెత్తి మాట్లాడకపోవడం గురించి అక్కడ తీరిగ్గా కూర్చునే వీలుండదు.

కోర్టుకెక్కక ముందే సయోధ్య కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. లాయర్ నోటీసు ఇవ్వాలా వద్దా అని ఊగిసలాడే దశలో ముందు అక్కడ మాట్లాడటం తెలివైన పని. వయసు మళ్లిన తల్లిదండ్రుల్ని పిల్లలు చూడకపోతే 2007 చట్టం కింద పోషణ అడిగే దారి వేరే ఉంది. ముందుగా సలహా కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది.

భర్తకు భయం పెట్టడానికి స్టేషన్‌కి వెళ్లి, ఆ తర్వాత థెరపీకి రమ్మంటే మాత్రం కష్టం. ఒకసారి కాగితం మీద పేరెక్కాక మనిషి ప్రతి మాటా లాయర్ చెవితో వింటాడు. ఆ మనసుతో కూర్చున్నవాడి నోట లోపలి మాట రాదు.

అయితే ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉంటే పై పేరా మొత్తం మర్చిపోండి. కొట్టడం, చంపుతానని బెదిరించడం, ఫోన్ లాక్కోవడం, జీతం కార్డు దగ్గర పెట్టుకుని పైసా ఇవ్వకపోవడం లాంటివి నడుస్తున్న ఇంట్లో భార్యాభర్తల్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదం. ఆమె అక్కడ ధైర్యంగా చెప్పిన మాటకు ఆ రాత్రి ఇంట్లో శిక్ష పడుతుంది. అలాంటప్పుడు మొదటి ఫోన్ 181కి, ప్రాణం మీదికొస్తే 112కి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ద్వారా రక్షణ ఉత్తర్వులు, అదే ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు. మంచి థెరపిస్ట్ అయితే మొదట్లోనే ప్రతి ఒక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఈ సంగతి అడుగుతారు. అడగకుండా నేరుగా జంటను కలిపి కూర్చోబెట్టేవాళ్ల దగ్గర నాకు నమ్మకం తక్కువ.

థెరపీ గదిలో అసలు ఏం జరుగుతుంది

గాజువాకలో ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి స్టీల్ ప్లాంటులో షిఫ్టుల మీద పని. కొడుకు బీటెక్ మూడో సంవత్సరం, రెండు సబ్జెక్టులు మిగిలాయి. తల్లి, నానమ్మ. తండ్రీకొడుకులకు మాటల్లేవు. "భోజనానికి రమ్మను వాడిని." "నాన్నను ఫీజు అడుగు." ప్రతి మాటా అమ్మ మీదుగానే పోతుంది, ఆవిడ ఇంటికి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ అయిపోయింది. తండ్రి అన్న మాటలో కారం తగ్గించి కొడుక్కి, కొడుకు అన్నదాంట్లో సగం మింగేసి తండ్రికి చేరవేస్తుంది. రాత్రంతా సీ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చిన మనిషి పడుకుంటే ఇల్లంతా గుసగుసలే. ఆయన లేచేసరికి పిల్లాడు కాలేజీకి వెళ్లిపోతాడు. అందరూ అనుకునేది, సమస్య పిల్లాడి బ్యాక్‌లాగులని.

ఒక్క మనిషికి జరిగే కౌన్సెలింగ్ అయితే పిల్లాడిని పంపిస్తారు. చదువు మీద శ్రద్ధ, ఫోన్ తగ్గించుకోవడం, టెన్షన్ ఎలా తట్టుకోవాలి. అదీ పనికొచ్చేదే. ఫ్యామిలీ థెరపిస్ట్ మాత్రం నలుగురినీ రమ్మంటారు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, కొడుకును అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరు చెబుతున్నారో చూస్తారు. మూడు తరాల బంధువుల్ని గీతలతో, గుర్తులతో ఒక కాగితం మీద వేస్తారు. ఆ బొమ్మలో, ఈ తండ్రికి తన తండ్రితోనూ పదేళ్లు మాటల్లేవన్న సంగతి నానమ్మ నోటి నుంచి మొదటిసారి బయటికి రావచ్చు.

ప్రశ్నలు కూడా మనం ఊహించినట్టుండవు. "నీకెందుకు కోపం?" అని కాకుండా, "నాన్నగారు విసురుగా లేచి గదిలోకి వెళ్లిపోతే ముందు ఎవరు కదులుతారు? అప్పుడు నానమ్మ ఏం చేస్తుంది? అమ్మ నీ దగ్గరికొస్తే నాన్నగారికి ఎలా ఉంటుందనుకుంటావ్?" అని అడుగుతారు. నాలుగు ప్రశ్నలకే గొడవ తిరుగుతున్న వలయం కనిపిస్తుంది. ఆయన అరుస్తాడు కాబట్టి ఆవిడ దాస్తుంది, ఆవిడ దాస్తుంది కాబట్టి ఆయన అరుస్తాడు. ఎక్కడ మొదలైందన్నది ఎవరూ తేల్చలేరు, తేల్చనక్కర్లేదు. ఎవరో ఒకరు తమ వంతు మార్చుకుంటే చాలు.

ఇద్దరి మధ్య బిగుసుకున్న చోట మూడో మనిషిని లాక్కోవడం గురించి అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ వివరంగా రాశారు. ఫ్యామిలీ థెరపిస్ట్ సాల్వడార్ మినూచిన్ ఇంకో అడుగు వేసి, గదిలోనే కుర్చీలు మార్పించేవారు. తల్లిని కాస్త పక్కకు జరిపి, తండ్రీకొడుకుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఫీజు సంగతి ఇప్పుడు మీ నాన్నగారిని నువ్వే అడుగు" అనడం ఆ పద్ధతి. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఆ రెండు నిమిషాలు తల్లి నోరు మెదపకుండా కూర్చోవడమే అందరికంటే కష్టమైన పని. తర్వాత ఇంటికి ఇచ్చే హోంవర్క్ కూడా ఇంతే చిన్నది: వారంలో మూడు సంగతులు తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోవాలి, అమ్మ కబురు మోయకూడదు.

నేవీ ఇళ్లలో వేరే రకం. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి, నెలల తరబడి ఓడ మీద ఉండి వచ్చే భర్తలు ఇక్కడ తక్కువేం కాదు. ఆయన లేనప్పుడు గ్యాస్ నుంచి స్కూల్ మీటింగ్ దాకా ఆవిడే నడిపింది. ఆయన దిగీ దిగగానే ఇంటి పగ్గాలు తనవే అనుకుంటాడు. పిల్లలు మాత్రం ఆయన ఎదురుగా ఉన్నా పర్మిషన్ అమ్మనే అడుగుతారు. వారం తిరిగేసరికి ఆయనకు తన ఇంట్లో తనే చుట్టంలా అనిపిస్తుంది, ఆవిడకేమో ఇన్నాళ్ల తన కష్టాన్ని ఎవరో తుడిచేసినట్టు ఉంటుంది. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కాదు, పెద్దల్లో పెట్టడానికి తగువు కూడా లేదు. ఏ నిర్ణయం ఎవరిది, ఓడ కదిలే ముందు ఏం అప్పగించాలి, వచ్చాక ఏది ఎప్పుడు తిరిగి తీసుకోవాలి అని కూర్చుని మాట్లాడుకోవడమే కావాలి. నా ఉద్దేశంలో ఫ్యామిలీ థెరపీ అతి తక్కువ సిటింగుల్లో ఫలితం చూపేది ఇలాంటి ఇళ్లలోనే.

సాధారణంగా ఒక సిటింగ్ గంట నుంచి గంటన్నర, వారానికో రెండు వారాలకో ఒకసారి. ఆరు నుంచి పన్నెండు సిటింగులు అనుకుని బయలుదేరితే సరిపోతుంది. పాత గాయాలుంటే ఇంకా పడుతుంది.

ఎవరు థెరపిస్ట్, ఎవరు కాదు

సైకియాట్రిస్ట్ అంటే వైద్యుడు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. కౌన్సెలింగ్ సైకాలజిస్టులు సైకాలజీలో పీజీ చేసి తర్వాత శిక్షణ తీసుకున్నవాళ్లు. ఈ వరుసలో మనవాళ్లు మర్చిపోయేది సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను. చదువులోనే కుటుంబాలతో పని చేయడం నేర్చుకునేది వాళ్లు, పెద్ద మానసిక ఆసుపత్రుల్లో ఇంటివాళ్లతో మాట్లాడే పని ఎక్కువగా చేసేదీ వాళ్లే. ఇక మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్న "లైఫ్ కోచ్" దగ్గర మీ ఇంటి సంగతులు విప్పకండి.

డబ్బు కష్టమైతే ముందు 14416కి చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ లైన్, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కుటుంబమంతటికీ పూర్తి థెరపీ ఫోన్ మీద జరగదు గానీ, మీ ఇంటికి ఏది అవసరమో తేల్చుకోవడానికి మంచి మొదటి మెట్టు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్)లోనూ, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ వైద్యులున్నారు. ఆ రెండోదాని పేరు వినగానే "అక్కడికా!" అని వెనక్కి తగ్గేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా చాలామంది. ఓపీలో చీటీ రాయించుకున్నంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు. కాకపోతే రద్దీ ఉండే చోట నలుగురు మనుషులతో గంటసేపు తీరిగ్గా మాట్లాడటం ప్రతిసారీ కుదరదు. స్టీల్ ప్లాంటువాళ్లు విశాఖ స్టీల్ జనరల్ హాస్పిటల్‌లో, నేవీ కుటుంబాలు నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలో ముందు అడగడం మంచిది. రిఫరల్ దొరికితే ఖర్చు కలిసొస్తుంది.

ప్రైవేటులో కుటుంబ సిటింగ్ ఫీజు ఒక్కరి సిటింగ్ కంటే ఎక్కువ ఉండటం మామూలే, ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి. మనిషికింతా, గంటకింతా అన్నది ఫోన్‌లోనే అడిగేయండి.

ఆన్‌లైన్ అయితే? పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు సీతమ్మధారలో ఉన్న ఇళ్లకు ఇది తప్ప దారి లేదు. విశాఖలో ఉదయం ఏడు గంటలంటే న్యూయార్క్‌లో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. ఇద్దరికీ కుదిరే వేళే. కానీ అందరూ ఒకే కప్పు కింద ఉండి, అరుపులు పెద్దవిగా ఉండే ఇంటికి నేరుగా వెళ్లడమే మేలు. స్క్రీన్ మీద థెరపిస్ట్‌కు మొహాలే కనిపిస్తాయి. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడలి వైపు చూసిన చూపు కనిపించదు. పైగా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఎవరు ఏ గదిలో కూర్చున్నా అవతలి గదిలోకి వినిపిస్తుంది.

ముందు వైద్యం, తర్వాత మాటలు

తాగుడు ఉన్నచోట వరుస మారుతుంది. మత్తులో ఉన్న మనిషిని కుటుంబ సిటింగ్‌కు తీసుకెళ్లి లాభం లేదు, ముందు చికిత్స. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ల చేత ఒక్కసారిగా ఇంట్లోనే మాన్పించబోతే మూర్ఛలు రావచ్చు, ప్రాణాపాయం కూడా. డాక్టర్ చూపులోనే మాన్పించాలి. 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్. మనిషి కాస్త తేరుకున్నాక ఇంటివాళ్లందరితో కూర్చోవడం చాలా అవసరం. ఇన్నాళ్లూ అతని జేబులు వెతకడం అలవాటైన ఇల్లు, అతను మానేశాక కూడా వెతుకుతూనే ఉంటుంది.

స్కిజోఫ్రినియా, బైపోలార్ లాంటి జబ్బులుంటే మందులతోపాటు ఇంటివాళ్లకు శిక్షణ ఇవ్వడం జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గిస్తుందన్నది ఎన్నో దేశాల్లో రుజువైన సంగతి. ఇది పరాయి ఆలోచనేం కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగి బంధువుల్ని అక్కడే ఉంచి, వైద్యంలో కలుపుకున్నారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసమే ప్రత్యేక విభాగం ఉంది. జబ్బు ముదిరినప్పుడు, ఇక్కడి డాక్టర్ చెబితే, అంతదూరం వెళ్లడం వృథా కాదు.

అపాయింట్‌మెంట్ తీసుకునేముందు

ఫోన్‌లో మూడు సంగతులు అడిగితే చాలావరకు తెలిసిపోతుంది. "కుటుంబాలతో పని చేయడానికి మీరు ఎక్కడ శిక్షణ పొందారు?" "ఒకరు విడిగా మీకు చెప్పిన రహస్యాన్ని మిగతావాళ్ల దగ్గర ఎలా చూస్తారు?" "మొదటి సిటింగ్‌కు ఎవరెవరు రావాలి?" రెండో ప్రశ్నకు తడుముకునేవాళ్ల దగ్గర ఆగండి. రహస్యాల గురించి ముందే ఒక నియమం చెప్పని చోట, మూడో వారానికి అందరూ థెరపిస్ట్‌ను తమ వైపు లాక్కోవడం మొదలుపెడతారు.

భాష సంగతి ఇంకొకటి. ఇంట్లో అందరికంటే ఇంగ్లిష్ తక్కువ వచ్చినవాళ్లకు అర్థమయ్యే భాషలోనే సిటింగ్ జరగాలి. లేకపోతే కొడుకు ఇంగ్లిష్‌లోకి మారిన ప్రతిసారీ నానమ్మ గది బయట ఉన్నట్టే. థెరపిస్ట్ చిన్న వయసువాళ్లైతే "ఆ పిల్ల నాకు చెప్పేదేంటి" అన్న మావయ్యగారి గొణుగుడు తప్పదు. ముందు ఆయన్నే పలకరించి, "మీ ఇంటి గురించి మీరు చెప్పండి" అని మొదలుపెట్టే థెరపిస్ట్ అయితే ఆ గొణుగుడు రెండో సిటింగ్‌కే తగ్గుతుంది.

"ఆయన రారండీ" అన్నది అందరికంటే ఎక్కువగా వినపడే అడ్డంకి. రాకపోతే వచ్చినవాళ్లతోనే మొదలుపెట్టండి. తల్లి ఒక్కతే కబుర్లు మోయడం మానేసినా గాజువాక ఇంట్లో తండ్రీకొడుకులు ఏదో ఒకరోజు నేరుగా మాట్లాడుకోక తప్పదు. పిలిచేటప్పుడు "నిన్ను బాగుచేయడానికి" అని పిలవకండి. "నాకు సాయం కావాలి, మీరు పక్కనుంటే బాగుంటుంది" అంటే వచ్చేవాళ్లు ఎక్కువ.

నాలుగో సిటింగ్ అయ్యాక ఒకసారి చూసుకోండి. గొడవలు ఆగిపోయి ఉండవు, కొన్ని ఇళ్లలో మొదట్లో పెరుగుతాయి కూడా, ఇన్నాళ్లూ మింగిన మాటలు బయటికొస్తాయి కాబట్టి. చూడాల్సింది, గొడవైన తర్వాత మళ్లీ మాట్లాడుకోవడానికి పట్టే సమయం తగ్గిందా అని. వారం పట్టేది రెండు రోజులకు వచ్చిందంటే కొనసాగించండి. ఏ మార్పూ లేకపోయినా, థెరపిస్ట్ ఒకరి పక్షం వహిస్తున్నట్టు ఇద్దరికి అనిపించినా, ఆ మాట గదిలోనే అడిగేయండి. జవాబు నచ్చకపోతే మనిషిని మార్చండి. మానసిక వైద్యం తీసుకున్నవాళ్లకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తమ వైద్య రికార్డులు అడిగే హక్కుంది. ఫ్యామిలీ సిటింగులకైతే ఇప్పటిదాకా జరిగిన పని మీద ఒక పేజీ రాసిమ్మని అడిగి తీసుకెళ్తే, కొత్తవాళ్ల దగ్గర మొదటి రెండు సిటింగుల ఖర్చు మిగులుతుంది.